గంప కింది కోళ్లు

అబ్బా పోయిన మరుసటి ఏడు అమ్మీ జనగామ ఇల్లు విడిచి హన్మకొండలో మా దగ్గరికి వచ్చేసింది. ట్రంకు పెట్టెతో పాటు గంపలో ఆరు కోడిపిల్లలను కూడా బస్సెక్కించింది. గంప మీద అబ్బా పాత లుంగీ కప్పి కట్టింది. ‘వీటికి గూడ టికెట్ కొట్టాల్నా అమ్మా’ అని కండక్టర్ నవ్వాడట. మాకు మాత్రం నవ్వు రాలేదు. మాది కిరాయి ఇల్లు.

మా భయానికి కారణం ఉంది. ఆ ఇల్లు దొరికేలోగా మేం చాలా గడపలు ఎక్కి దిగాం. ఫోన్‌లో ‘వచ్చి చూసుకోండి’ అన్నవాళ్లు, మా పేరు వినగానే ‘అయ్యో, నిన్ననే ఇచ్చేసినం’ అన్నారు. ఈ కథ మీలో చాలామందికి తెలుసు. తెలియనివాళ్లు మీతో పనిచేసే ముస్లింను ఎవరినైనా అడగండి. చివరికి ఒక పెద్దావిడ పేరడిగింది, పిల్లలెందరని అడిగింది, నీళ్లు దండిగా పారబోయొద్దంది, తాళంచెవి చేతిలో పెట్టింది. ఆమెను మేం పెద్దమ్మా అంటాం. రెండిళ్లకూ వాకిలి ఒకటే. ఆ వాకిట్లో ఆమెవి ఏడు పెట్టలు, ఒక పుంజు.

పెద్దమ్మ లుంగీ ఎత్తి గంపలోకి చూసింది.

‘ఎన్నాళ్లవి చెల్లె?’

‘రెండున్నర నెలలయి. తల్లి పొడిచి తరుముతున్నది.’

‘నావి గూడ పొడుస్తయి మరి.’

‘పొడుస్తయక్కా. అందుకే ఇప్పుడే ఇడువను.’

అంతే. మేం భయపడ్డ మాట ఒక్కటీ ఆమె నోట రాలేదు.

అమ్మీ పిల్లలను ఇంటి వెనక మూలన, పెద్దమ్మ కోళ్లు పోని చోట పెట్టింది. మూడు వారాలు అక్కడే. వాటి మేత వేరు, నీళ్లు వేరు. కొక్కెర తెగులు, అదే పశువుల డాక్టర్లు రాణిఖేత్ అనేది, రెట్టలో, నీళ్లలో, మన చెప్పుల అడుగున కూడా ప్రయాణం చేస్తుంది. అందుకని ముందు పెద్దమ్మ కోళ్లకు వేసి, చివరన వీటి దగ్గరికి పోయేది. మేమైతే కొత్తవి తెచ్చే జబ్బు నుంచి పాతవాటిని కాపాడటానికే ఇదంతా అనుకున్నాం. అమ్మీ ఒప్పుకోలేదు. పాత మందకు అలవాటైపోయిన రోగం కొత్త పిల్లల ప్రాణం తీయొచ్చు. నేలలో ఉండే రక్తపారుడు పెద్దకోళ్లను పెద్దగా ఏమీ చేయదు, పిల్లలను చంపేస్తుంది. జాగ్రత్త రెండు వైపులా ఉండాలన్నది ఆమె లెక్క.

ఆ మాట మాకు లోపల తగిలింది. 2020 వేసవిలో కరోనా వచ్చినప్పుడు జబ్బుకు మతం అంటగట్టారు. కూరగాయల బండివాణ్ణి పేరడిగి వెనక్కి పంపారు. ఆ వార్తలు రాసిన చేతులే మావి. దూరం పాటించడం వేరు, వెలివేయడం వేరు. కోళ్ల దగ్గర అమ్మీకి ఆ తేడా తెలుసు.

గంప కింద పరచడానికి పాత పేపర్లు కావాలి. మా ఇంటికి రోజూ ఒక ఉర్దూ పేపరు, రెండు తెలుగు పేపర్లు వస్తాయి. అమ్మీ ఉర్దూ పేపరు తీసి అలమారలో దాస్తుంది, అందులో అల్లా పేరు ఉంటుందని. మేం రాసేది తెలుగు పేపర్లో. ఒకరోజు గంప ఎత్తితే మా పేరుతో అచ్చయిన వ్యాసం మీద పిల్లలు రెట్టలు వేసి ఉన్నాయి. తెలుగు పేపర్లోనూ దేవుడి పేర్లు ఉంటాయి అమ్మీ అన్నాం. ఆమె కాసేపు ఆలోచించింది. మర్నాటి నుంచి పేపరు మానేసి వరిపొట్టు పోసింది.

మూడు వారాలయ్యాక వాకిట్లో పాత కిటికీ జాలీ అడ్డం కట్టి, పిల్లలను జాలీకి ఇవతల వదిలింది. చూసుకోవాలి, తాకకూడదు. కనీసం వారం రోజులు అలాగే ఉండాలి. రెండో రోజే జనగామలో బంధువుల నికా ఉందని పోతూ, ‘జాలీ తీయకండి’ అని చెప్పి పోయింది.

మేం తీశాం. ఆదివారం, ఆఫీసుకు సెలవు. పెద్దమ్మ కూతురింటికి పోయింది. పిల్లలు జాలీకి ముక్కు ఆనించి అటు చూస్తున్నాయి, పాపం కలుస్తాయిలే అనుకున్నాం. పెద్దమ్మ రోజూ వేసే పళ్లెంలోనే నూకలు పోసి జాలీ ఎత్తాం. బూడిద రంగు పిల్ల అన్నిటికన్నా ముందు పళ్లెం దగ్గరికి పరుగెత్తింది. నల్లపెట్ట దాని నెత్తి మీద పొడిచింది. అది నీళ్ల తొట్టి వెనక మూలకు దూరింది. అటు దారి లేదు. రక్తం కనబడగానే తతిమ్మా పెట్టలు కూడా వచ్చి పడ్డాయి. కోళ్లకు ఎర్రటి మచ్చ కనబడితే ఆగవని మాకు తర్వాత తెలిసింది. మేం విడిపించేసరికి నెత్తి తోలు ఊడింది. పసుపు అద్దాం, డబ్బాలో పెట్టాం, దీపం వేసి వెచ్చగా ఉంచాం. తెల్లారేసరికి చచ్చిపోయింది.

అమ్మీ తిరిగొచ్చి తిట్టలేదు. ఒక్కటే అడిగింది: ‘దానే కే బర్తనాఁ కిత్తే రఖే?’ మేత గిన్నెలు ఎన్ని పెట్టారని. ఒకటి, అన్నాం. ఆమె ఇంకేమీ అనకుండా జామచెట్టు కింద గుంత తవ్వింది.

ఆఫీసులో ఈ సంగతి చెబితే ఒక మిత్రుడు, ‘దాన్నే పెకింగ్ ఆర్డర్ అంటారు భాయ్. ఎక్కడైనా అంతే, కొత్తగా వచ్చినవాళ్లు సర్దుకుపోవాలి’ అన్నాడు. కోళ్లలో ఎవరు ఎవరిని పొడవాలో ఒక వరస ఉంటుందని నార్వే దేశస్థుడు షెల్డెరుప్-ఎబ్బె 1920ల మొదట్లోనే రాశాడు. నిజమే, ఆ వరసను మేం కళ్లారా చూశాం. కానీ ఆరోజు వాకిట్లో ఒక్క పళ్లెం పెట్టింది కోళ్లు కాదు. దారి లేని మూలను ఉంచింది కోళ్లు కాదు. మేం. మేం చేసిన ఏర్పాటును కోళ్ల స్వభావం మీద తోసేయడం మాకు చాతకాలేదు.

అమ్మీ మళ్లీ మొదటికి వచ్చింది. జాలీ ఇంకో పది రోజులు. నీళ్ల తొట్టిని గోడ నుంచి జరిపి చుట్టూ తిరిగే దారి చేసింది. మేత గిన్నెలు మూడు, ఒకచోట నిలబడిన కోడి ఇంకొకదాన్ని కాపలా కాయలేనంత దూరంలో. నీళ్ల గిన్నెలు రెండు. జాలీ కింద ఒక సందు వదిలింది. పిల్లలు దూరగలవు, పెద్దవి దూరలేవు. మేతలో ఇంకో చిక్కు వచ్చింది. పెద్దమ్మ గుడ్లు పెట్టే కోళ్ల దాణా కొంటుంది. అందులో పెంకు గట్టిపడటానికి సున్నం పాలు ఎక్కువ, ఎదిగే పిల్లల మూత్రపిండాలకు అది చెడుపు. అందరికీ ఎదిగే కోళ్ల దాణా వేసి, గుడ్డు పెంకులు ఎండబెట్టి దంచి వేరే గిన్నెలో పెడదామని ఇద్దరూ మాట్లాడుకున్నారు. కావలసిన పెట్ట పోయి తింటుంది.

పదకొండో రోజు రాత్రి, చీకటి పడ్డాక, పిల్లలను ఒక్కొక్కటే ఎత్తి పెద్దకోళ్ల గూట్లో కర్ర మీద కూర్చోబెట్టింది. చీకట్లో కోడికి కళ్లు ఆనవు, కొట్లాటకు దిగదు. ఫజర్ నమాజుకు ఎలాగూ లేస్తుంది కనుక, వెలుతురు రాకముందే పోయి గూటి తలుపు తీసింది. బయట జాగా ఉంటే దెబ్బ తినేది పారిపోగలదు.

పోట్లు ఆగలేదు. రెక్క మీద ఒకటి, మెడ మీద ఒకటి. వాటికి అడ్డం పోవద్దంది అమ్మీ, రక్తం కారితేనే పోవాలి. కానీ నల్లపెట్ట ఒక్కటి మాత్రం మేత మానేసి మరీ వెంటాడేది. ఐదో రోజు పిల్లలు కర్ర దిగడం మానేశాయి. మేం గంప తెచ్చాం, పిల్లలను మూసి కాపాడదామని. మా అలవాటు అదే. ఊళ్లో గొడవైతే అబ్బా మమ్మల్ని ఇంట్లోనే ఉండమనేవాడు, మేమూ మా పిల్లలకు అదే చెబుతాం.

పెద్దమ్మ మా చేతిలోంచి గంప లాక్కుంది. ‘అవేం చేసినయని మూస్తరు? కొట్టేది నాది గద’ అంటూ నల్లపెట్టను పట్టి గంప కింద వేసింది. దాని కింద మేత, నీళ్లు పెట్టింది. నాలుగు రోజులు ఉంచింది. ఆ నాలుగు రోజుల్లో పిల్లలు వాకిలంతా తిరిగాయి. నల్లపెట్ట బయటికి వచ్చేసరికి మంద వరస మారిపోయింది, తన చోటు అది మళ్లీ వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ తర్వాత పొడిచింది గానీ వెంటాడలేదు. పెద్దమ్మకు అదే మంచి గుడ్లు పెట్టే పెట్ట.

ఒక సాయంత్రం పెద్దమ్మ తన పుంజును చూపించి, ‘ఇది అసీల్ జాతి, అసలైన మన కోడి’ అంది. అమ్మీ నవ్వింది. అసీల్ అంటే మేలుజాతిది, అరబ్బీ నుంచి ఉర్దూలోకి వచ్చిన మాట. ‘అసలు’ కూడా ఆ మూలం నుంచి వచ్చిందే. అసలు తెలుగువాళ్లెవరని మమ్మల్ని అడిగేవాళ్లు వాడే మాట కూడా ఎక్కడి నుంచో వచ్చి, ఈ వాకిట్లో ఎప్పుడో కుదురుకున్నదే. పెద్దమ్మకు చెబితే, ‘ఏదైతేంది, కోడి మంచిదా కాదా’ అంది.

ఆరో నెలలో పిల్లలు గుడ్లకు వచ్చాయి. మందతోనే తింటాయి, మందతోనే తిరుగుతాయి. రాత్రి మాత్రం ఐదూ కర్రకు ఒక చివర, ఒకదానికొకటి ఆనుకుని పడుకుంటాయి. ఇన్ని నెలలైనా కలవలేదేమని మేం అడిగాం.

‘కలిసే ఉన్నయి గద బేటా’ అంది అమ్మీ, గూటి తలుపు వేస్తూ. ‘తోడబుట్టినయి పక్కపక్కన పండుకుంటే ఎవలకేం నష్టం?’

పెద్దమ్మ ఆ వారం సంతలో నాలుగో మేత గిన్నె కొనుక్కొచ్చింది.