ఎంత తగ్గితే అంత గొప్ప!

పాత వ్యాన్ చేతికొస్తే ఎవరైనా ఏం చేస్తారు? రంగు వేయిస్తారు. సీట్లు మార్పిస్తారు. కానీ లాస్ ఏంజెలెస్‌లో కొందరు దాన్ని అంగుళం అంగుళం కిందికి దించుతారు. బండి నేలకు ఎంత దగ్గరైతే యజమాని తల అంత పైకి లేస్తుంది. ఈ సరదా వెనక ఒక వీధి ఉంది, ఒక చట్టం ఉంది, ఆత్మగౌరవం కోసం ఏళ్ల తరబడి సాగిన పోరూ ఉంది.

లాస్ ఏంజెలెస్ నగరం మధ్య నుంచి ఆరో వీధి పట్టుకుని తూర్పుగా వెళ్తే నది మీద వంతెన వస్తుంది. అది దాటగానే రోడ్డు పేరు మారిపోతుంది... విటియర్ బులెవార్డ్. కాస్త ముందుకెళ్తే ఈస్ట్ లాస్ ఏంజెలెస్. ఇక్కడ ఉండేవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా మెక్సికో, లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్లే. దుకాణాల బోర్డులన్నీ స్పానిష్‌లో కనిపిస్తాయి. రొట్టెల బేకరీల పక్కనే అద్దాల వెనక బుట్టబొమ్మల్లాంటి గౌన్లు వేలాడుతుంటాయి. అవి పెళ్లి గౌన్లు కాదు. ఆడపిల్ల పదిహేనో పుట్టినరోజుకి వేసేవి. మనకి ఓణీల ఫంక్షన్ ఎలాగో వాళ్లకి అది అలాగ.

ఆదివారం సాయంత్రమైతే ఈ రోడ్డు మీద బండ్ల తిరునాళ్లే. అరవయ్యో దశకం నాటి షెవర్లే ఇంపాలాలు మిలమిలా మెరుస్తూ నత్తనడకన కదులుతుంటాయి. వాటి మధ్యలో అప్పుడప్పుడూ ఓ పాత ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్. ముందు గుండ్రటి దీపాలు, నెత్తిన ఒక రంగు, నడుముకి మరో రంగు. దాని కింద నుంచి కొబ్బరికాయ దొర్లిస్తే అవతలికి వెళ్లదు. అంత కిందికి ఉంటుంది! స్పీడ్ బ్రేకర్ వస్తే డ్రైవరు బండిని ఏటవాలుగా తిప్పి, ఒక్కో చక్రాన్నీ విడివిడిగా ఎక్కిస్తాడు. వెనకాల కార్లవాళ్లు విసుక్కోరు. ఆగి చూస్తారు. ఈ బండ్లవాళ్ల నినాదమే 'బహీతో ఇ స్వావెసీతో'... అంటే 'కిందికి, నెమ్మదిగా'.

సిమెంటు బస్తాలతో మొదలు

అమెరికా కుర్రకారుకి కారంటే వేగం. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక చాలామంది పాత కార్లు కొని, ఇంజిన్లు బిగించి రేసులకి వెళ్లారు. మెక్సికన్ అమెరికన్ కుర్రాళ్లు దానికి పూర్తిగా ఎదురెళ్లారు. 'మీరు ఎత్తుగా, వేగంగా వెళ్తారా? మేం కిందికి, మెల్లగా వెళ్తాం' అన్నారు. డబ్బులేవీ? అందుకే డిక్కీలో ఇసుక బస్తాలో సిమెంటు బస్తాలో పడేసేవారు. బరువుకి వెనక భాగం కిందికి దిగేది. ఇంకొందరు స్ప్రింగుల్ని కాల్చి వంచేవారు, లేదా ఒకటి రెండు చుట్లు కోసేసేవారు. అలా పుట్టినవే లోరైడర్లు.

ఇది ప్రభుత్వం కంటపడింది. 1958లో కాలిఫోర్నియా ఒక నిబంధన తెచ్చింది. బండిలో ఏ భాగమూ చక్రం రిమ్ము అడుగు అంచు కన్నా కిందికి ఉండకూడదనేది దాని సారాంశం. పోలీసు టేపు తీసి కొలిచాడంటే చలానా ఖాయం. మరుసటి ఏడాదే రాన్ అగిరే అనే కుర్రాడు దీనికి విరుగుడు కనిపెట్టాడు. విమానాల్లో వాడి తీసేసిన హైడ్రాలిక్ పంపుల్ని తెచ్చి తన కార్వెట్ కారుకి బిగించాడు. స్విచ్ నొక్కితే బండి లేస్తుంది, మళ్లీ నొక్కితే కూర్చుంటుంది. పోలీసు కనబడగానే ఎత్తు, వెళ్లిపోగానే దింపు! ఇవాళ లోరైడర్లు రోడ్డు మీద చేసే కప్పగంతులకి మూలం ఆ పంపులే.

అయితే ఇదంతా పిల్లాటగానే సాగలేదు. 1970 ఆగస్టు 29న వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా వేలమంది మెక్సికన్ అమెరికన్లు ఈస్ట్ లాస్ ఏంజెలెస్‌లో ఊరేగింపు తీశారు. పోలీసులు దాన్ని చెదరగొట్టారు. ఆ రోజే విటియర్ బులెవార్డ్ మీద సిల్వర్ డాలర్ అనే బారులో కూర్చున్న పాత్రికేయుడు రూబెన్ సలజార్ బాష్పవాయు గుండు తగిలి ప్రాణాలు కోల్పోయాడు. 1979లో వారాంతపు బండ్ల షికార్లను ఆపడానికి పోలీసులు ఈ రోడ్డునే మూసేశారు. ఆ తర్వాత కాలిఫోర్నియాలో ఒక్కో ఊరూ 'షికారు నిషిద్ధం' బోర్డులు పెట్టుకుంటూ పోయింది. ఒకే రోడ్డు మీద ఒకే బండి పదే పదే తిరిగితే నేరం! ఆ బోర్డులు ఎవరిని ఉద్దేశించి పెట్టారో ఇక్కడివాళ్లకి విడమరచి చెప్పనక్కర్లేదు.

కూరగాయల బండికి ఇంత భోగమా?

ఇక మన వ్యాన్ దగ్గరికొద్దాం. 1947 ఏప్రిల్ 23న బెన్ పాన్ అనే డచ్ కార్ల వ్యాపారి తన నోటుపుస్తకంలో ఓ బొమ్మ గీశాడు. అచ్చం రొట్టెముక్కలా ఉండే డబ్బా, వెనక ఇంజిన్, ముందు డ్రైవరు. అంతే. దాని ఆధారంగానే 1950 మార్చిలో జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్‌లో ఫోక్స్‌వ్యాగన్ ట్రాన్స్‌పోర్టర్ తయారీ మొదలైంది. 1956 నుంచి హానోవర్ కర్మాగారానికి మారింది. మొదట్లో దాని ఇంజిన్ సత్తా పాతిక హార్స్‌పవర్లే. పాలు, రొట్టెలు, కూరగాయలు మోయడానికి పుట్టిన బండి అది. మన ఊళ్లలో ఒకప్పుడు పెళ్లి బృందాల్ని, బడి పిల్లల్ని కుక్కి మోసిన మెటాడోర్ లాంటిదన్నమాట. అమెరికా వెళ్లాక హిప్పీల ఇల్లయింది. సముద్రంలో అలల మీద జారేవాళ్ల గూడయింది. ఇప్పుడు పాతవస్తువు కాబట్టి బంగారమైంది. పైకప్పు అంచుల్లోనూ కిటికీలుండే ఇరవైమూడు కిటికీల వ్యాన్ ఒకటి 2011లో వేలంలో రెండు లక్షల డాలర్లు దాటింది.

బరువులు మొయ్యాలి కాబట్టి జర్మన్లు దీన్ని కావాలనే ఎత్తుగా చేశారు. ముఖ్యంగా 1967 దాకా వచ్చిన మొదటి తరం వ్యాన్లలో వెనక చక్రాల దగ్గర చెరో చిన్న గేర్ల పెట్టె ఉండేది. యుద్ధకాలంలో జర్మన్ సైన్యం వాడిన కూబెల్‌వాగన్ నుంచి వచ్చిన ఆలోచన అది. దానివల్ల యాక్సిల్ పైన, చక్రం కేంద్రం కింద ఉంటాయి. బండి ఎత్తు పెరుగుతుంది, చిన్న ఇంజిన్‌కి లాగే శక్తీ పెరుగుతుంది. ఇప్పుడు దించాలనుకునేవాళ్లకి మొదటి అడ్డంకి ఇదే.

దించడం ఓ యజ్ఞం

'స్ప్రింగులు కోసేస్తే సరి' అనుకుంటే పొరపాటే. ఈ వ్యాన్‌లో చుట్టల స్ప్రింగులే ఉండవు. వెనక చక్రాల బరువునంతా అడ్డంగా ఉన్న రెండు ఉక్కు కడ్డీలు మోస్తాయి. చక్రం లేస్తే కడ్డీ మెలితిరుగుతుంది, దిగితే విప్పుకుంటుంది. తడిగుడ్డని పిండినట్టు! కడ్డీకి లోపలి కొసన 40 పళ్లు, బయటి కొసన 44 పళ్లు ఉంటాయి. లోపల ఒక పన్ను తిప్పితే 9 డిగ్రీలు. బయట ఒక పన్ను వెనక్కి తిప్పితే 8 డిగ్రీల చిల్లర. రెండింటికీ తేడా ఒక డిగ్రీ కన్నా తక్కువ. ఇలా లోపలోసారి, బయటోసారి తిప్పుకుంటూ కావలసిన ఎత్తుకి తెస్తారు. ఎడమ ఒక పన్ను, కుడి ఇంకో పన్ను అయిందా... బండి ఒక పక్కకి ఒరిగిపోతుంది.

ముందువైపు కథ వేరు. డ్రైవరు పాదాల కింద రెండు అడ్డ గొట్టాలుంటాయి. వాటిలో పలచటి ఉక్కు పట్టీల కట్ట ఉంటుంది. గొట్టాన్ని మధ్యలో కోసి, పళ్లున్న సర్దుబాటు ముక్కని వెల్డింగ్ చేస్తే పట్టీల కోణం మార్చుకోవచ్చు. అయితే అదొక్కటే చేస్తే చక్రం ఎగిరి దిగడానికి చోటు తగ్గి, ప్రయాణం ఎడ్లబండి ఎక్కినట్టే ఉంటుంది. అందుకే తెలిసినవాళ్లు చక్రం బిగించే ఇరుసుని కాస్త పైకి అమర్చిన విడిభాగాన్ని వాడతారు. పట్టీలు యథాతథం, బండి మాత్రం కిందికి. ఇంకా దించితే టైరు బాడీకి ఒరుసుకుంటుంది. అప్పుడు గొట్టాల్నే పొట్టి చేయాలి. గొట్టాలు పొట్టయితే లోపలి పట్టీలూ, స్టీరింగ్ కడ్డీలూ పొట్టవ్వాలి. ఒకటి కదిలిస్తే పది కదులుతాయి!

వెనక గేర్ల పెట్టెలు తీసేసి తిన్నటి యాక్సిల్ వేస్తే ఒక్క దెబ్బకి మూడు నాలుగు అంగుళాలు దిగుతుంది. కానీ ఇందులో ఓ తమాషా ఉంది. ఆ చిన్న పెట్టె చక్రం తిరిగే దిశని తారుమారు చేస్తుంది. దాన్ని తీసేసి, అసలు గేర్‌బాక్సులోని పళ్లచక్రాన్ని రెండో వైపుకి మార్చకపోతే ఏమవుతుంది? ముందుకెళ్లడానికి ఒక్క గేరు, వెనక్కెళ్లడానికి నాలుగు గేర్లు!

ఇంతా చేస్తే దిగేది చక్రాల అమరికే. బాడీ కూడా నేలని తాకాలంటే నేలపలక కొయ్యాల్సిందే. చాలా లారీలకి, పికప్‌లకి ఛాసిస్ వేరు, బాడీ వేరు. ఈ వ్యాన్‌లో రెండూ కలిపి వెల్డింగ్ చేసి ఉంటాయి. అందుకని లోపలి పలకని కోసి పైకి లేపుతారు. చక్రాల గూళ్లు పెద్దవి చేస్తారు. యాక్సిల్ లేచినప్పుడు తగిలే చోట ఛాసిస్‌ని అర్ధచంద్రాకారంలో కోసి, చుట్టూ మందపాటి ఇనుప పట్టీ అతుకుతారు. ఆ అతుకు మీదే ఇంటిల్లిపాదీ ప్రాణాలుంటాయి. చేయి తిరిగిన వెల్డర్ లేకుండా దీని జోలికెళ్లకూడదనేది అందుకే. ఈ మధ్య చాలామంది గాలితిత్తుల దారి పడుతున్నారు. కంప్రెసర్, గాలి ట్యాంకు, చక్రానికో తిత్తి. ఆగినప్పుడు గాలి వదిలితే వ్యాన్ కోడిపెట్టలా నేల మీద కూర్చుంటుంది. బయల్దేరేటప్పుడు గాలి నింపితే లేస్తుంది.

దించాలా... దాచాలా?

'కుమ్మరికొక ఏడాది, గుదియకొక పెట్టు' అని సామెత. పాత వ్యాన్ల ప్రేమికుల్లో ఒక వర్గం అనే మాట సరిగ్గా ఇదే. అరవై డెబ్భై ఏళ్లు తుప్పుని తట్టుకుని నిలబడ్డ రేకుని ఒక్క పూటలో కోసేస్తారా అని వాళ్ల బాధ. పైగా 1963 చివర్లో అమెరికా దిగుమతయ్యే చిన్న ట్రక్కుల మీద 25 శాతం సుంకం వేసింది. దాంతో కిటికీల్లేని సరకుల వ్యాన్లు, పికప్‌లు ఆ దేశానికి రావడం బాగా తగ్గిపోయింది. ఉన్నవే కొన్ని, వాటినీ కొయ్యాలా అంటారు.

రెండో వర్గం జవాబూ తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. షెడ్డులో దుప్పటి కప్పి దాచితే అది బండి కాదు, బొమ్మ అంటారు వాళ్లు. తుప్పుకి బలవ్వాల్సిన వ్యాన్‌ని తెచ్చి, సొంత చేతుల్తో అతికి, పిల్లల్ని ఎక్కించుకుని రోడ్డు మీద తిప్పితేనే దానికి ప్రాణమున్నట్టు. ఈ రెండు వాదాల మధ్య రాజీమార్గం కూడా ఉంది. కోత లేకుండా విప్పి బిగించే భాగాలతోనే దించి, అసలు సామాన్లు అటక మీద భద్రంగా దాచుకునేవాళ్లు కొందరు. రేపెవరైనా పాత ఎత్తుకి తేవాలంటే తేవచ్చు.

నష్టాలు లేకపోలేదు. మొదటి తరం వ్యాన్‌ని బాగా దించితే వెనక చక్రాల తలలు లోపలికి వాలిపోతాయి. టైర్లు లోపలి అంచున త్వరగా అరిగిపోతాయి. నిండా జనం ఎక్కితే అడుగుభాగం రోడ్డుకి రాసుకుంటుంది. ముప్పావు టన్ను మోయడానికి పుట్టిన బండి, దిగాక నలుగురు కూర్చుంటేనే ఆపసోపాలు పడుతుంది. మోత పోయి సొగసు వచ్చిందన్నమాట!

అరవై అయిదేళ్ల తర్వాత...

కాలం మారింది. శాక్రమెంటో, శాన్ హోసే నగరాలు 2022లో, నేషనల్ సిటీ 2023లో షికార్ల మీద నిషేధం ఎత్తేశాయి. 2023 అక్టోబరులో కాలిఫోర్నియా రాష్ట్రమంతటికీ వర్తించేలా కొత్త చట్టం మీద గవర్నర్ సంతకం పెట్టారు. 2024 జనవరి 1 నుంచి ఏ ఊరూ షికారుని నిషేధించడానికి వీల్లేదు. రిమ్ము కన్నా బండి కిందికి ఉండకూడదన్న 1958 నాటి నిబంధన కూడా అదే చట్టంతో చెల్లిపోయింది. అతివేగంగా నడిపితే, దారికి అడ్డంగా ఆపితే పాత శిక్షలే. కానీ బండి ఎత్తు మాత్రం ఇక నేరం కాదు.

ఇది చదివి ఇంట్లో ఉన్న పాత వ్యాన్ వైపు ఆశగా చూడకండి. మన దగ్గర మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది. కంపెనీ ఇచ్చిన అసలు రూపాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. ఆపైన మన రోడ్లు, మన స్పీడ్ బ్రేకర్లు సరేసరి!

విటియర్ బులెవార్డ్ మీద మాత్రం ఆ బెంగ తీరింది. ఒకప్పుడు పోలీసు కనబడితే స్విచ్ నొక్కి బండి పైకి లేపినవాళ్లు ఇప్పుడు తాతలయ్యారు. పోలీసు ఎదురైనా బండి ఎత్తక్కర్లేదని మనవలకి చెప్పగలగడమే వాళ్లకి పెద్ద పండగ.