కోతులు, పెత్తనం, కొంచెం కోడు

"మగవాడి పెత్తనం ప్రకృతి ధర్మం, కావాలంటే కోతుల్ని చూడండి" అనే వాదన మీరూ వినే ఉంటారు. సరే, చూద్దాం. కాకపోతే కంప్యూటర్లో కోతుల్ని.

షార్లెట్ హెమెల్‌రైక్ అనే డచ్చి శాస్త్రవేత్త 1990లలో డామ్‌వరల్డ్ అని ఓ మోడల్ తయారుచేశారు. అందులో ఏజెంట్లకి తెలిసినవి రెండే పనులు: గుంపుకి దూరమైతే వెనక్కి రావడం, మరీ దగ్గరికొచ్చినదాంతో తలపడటం. గెలిస్తే బలం అంకె పెరుగుతుంది, ఓడితే తగ్గుతుంది. బలహీనమైనది గెలిస్తే మార్పు ఇంకా ఎక్కువ. ఎవరు నాయకుడో, ఎవరు మధ్యలో ఉండాలో కోడులో ఎక్కడా లేదు!

గొడవల తీవ్రత పెంచి రన్ చేస్తే అంతరాలు బాగా పెరిగి, బలమైనవి నడిమధ్యకి, మిగతావి అంచులకి చేరాయి. నాకు బాగా నచ్చిందేంటంటే, మొదట్లో మగవాటికే ఎక్కువ బలం ఇచ్చి వదిలినా, ఈ తీవ్రమైన గుంపుల్లోనే కొన్ని ఆడవి కొన్ని మగవాటిని దాటిపోయాయి. వరస ఓటములతో కొన్ని మగవి జారిపోయాయి, వరస గెలుపులతో కొన్ని ఆడవి పైకెక్కాయి. పుట్టుకతో వచ్చిన తేడా అలాగే ఉంది, మారింది గొడవల తీరు మాత్రమే.

దీన్ని పట్టుకుని "ఆడవాళ్ళ పెత్తనమే ప్రకృతి" అని మొదలెట్టేవాళ్ళకీ ఓ దణ్ణం. ఇలా కూడా జరగొచ్చు అని చెప్పడం వరకే మోడల్ పని. నిజంగా జరిగిందా అన్నది అడవిలో నెలల తరబడి కూచుని లెక్కెట్టాల్సిందే.

అన్నట్టు, చింపాంజీల్లో మగవాటిదే పెత్తనం, బోనోబోల్లో ఎక్కువగా ఆడవాటిది. రెండూ మనకి ఒకే దూరపు చుట్టాలు. వాదించేవాళ్ళు ఎప్పుడూ మొదటి చుట్టాన్నే ఎందుకు పిలుస్తారో మరి!