నీటిలో నిలిచిన బండి

నేను ప్రాచీన సాహిత్యంలో డాక్టరేటు పట్టా పొందిన సంవత్సరం మిత్రుడొకరు నాకు ఒక చిత్రపటాన్ని బహూకరించారు. ఆంగ్ల చిత్రకారుడు జాన్ కాన్‌స్టేబుల్ 1821లో చిత్రించిన ‘ది హే వెయిన్’కు అది ముద్రిత ప్రతి. ఆ పేరుకు గడ్డి బండి అని అర్థం. మూలచిత్రం లండన్‌లోని నేషనల్ గ్యాలరీలో ఉంది.

ఇంగ్లండులోని సఫక్ ప్రాంతంలో, స్టౌర్ నదీతీరాన ఒక మధ్యాహ్నవేళ. ఎడమవైపు చెట్ల చెంత పాత ఇల్లు. కుడివైపు ఎండలో మెరిసే పచ్చికబయలు. పైన కదలాడే మబ్బులు. నడుమ, లోతులేని నీటిలో నిలిచిన ఖాళీ బండి. ఆకుపచ్చ, గోధుమవన్నెల మధ్య గుర్రాల మెడపట్టెడల ఎరుపు మన చూపును అక్కడికే రప్పిస్తుంది. ఇంటికి వచ్చినవారందరికీ ఆ పటం చూపి శాంతరసాన్ని వివరించేవాడిని.

ఒకనాడు పల్లె నుండి వచ్చిన మా నాన్నగారికీ వివరించాను. జీవితమంతా సేద్యం చేసిన మనిషి ఆయన. ఓపికగా విని, “అంతా బాగుంది గానీ, బండి ఏట్లో ఎందుకు ఆగిందిరా?” అని అడిగారు. నా వద్ద సమాధానం లేదు.

“ఎండలకు కర్ర ఎండిపోతే చక్రం మీది ఇనుప పట్టా వదులవుతుంది. నీళ్ళలో నానితే కర్ర ఉబ్బి, పట్టా బిగుస్తుంది. గుర్రాల కాళ్ళూ చల్లబడతాయి. అవతలికి పోయి గడ్డి ఎత్తాలి గదా!” అన్నారు.

అప్పుడు గాని ఆ బయలు చివర చుక్కలవలె కనిపించే కోతకూలీలు నా కంటబడలేదు. బండి నిలవడానికి కళావిమర్శకులు కూడా ఇటువంటి కారణమే ఊహించారని తరువాత చదివాను. కాన్‌స్టేబుల్ ఆ నదీతీరాన మర నడిపిన వ్యాపారి కుమారుడు. ఈ చిత్రానికి ముందుగా అంతే పరిమాణంలో వేసిన చిత్తుపటంలో ఒడ్డున ఒక గుర్రపు రౌతు ఉన్నాడు. పూర్తి అయిన చిత్రంలో అతడు లేడు. అడ్డు తొలగిన మన చూపు నేరుగా బండిని చేరుతుంది.

చిన్ననాడు నడిమధ్యాహ్నం పొలంగట్టున కూర్చున్న నాన్నగారిని చూసి, ఆయనకు పని లేదనుకొనేవాడిని. అది రెండు పనుల నడుమ తీసుకొన్న ఊపిరి అని ఆ పటం ముందు నిలబడిన రోజునే తెలిసింది. ఆ మాట ఆయనతో చెప్పనేలేదు. నేడు ఆయన లేరు. పటం మాత్రం నా గదిలోనే ఉంది. శాంతరసాన్ని గురించి పాఠం చెప్పవలసి వచ్చినప్పుడల్లా, లక్షణం చెప్పడానికి ముందు విద్యార్థులను ఆయన ప్రశ్నే అడుగుతాను: “బండి ఏట్లో ఎందుకు ఆగింది?”