నెలచందా ఆటలు, మామ సాంచాలు

2025 అక్టోబరులో ఒక సాయంత్రం మా అబ్బాయి ముఖం వేలాడేసుకుని నా గదిలోకి వచ్చాడు. వాడు నెలనెలా చందా కట్టి ఆడుకునే ఎక్స్‌బాక్స్ గేమ్ పాస్ వెల 829 రూపాయల నుంచి ఒక్కసారిగా 1,389 అయిందట. "వందల ఆటలుంటాయి నాన్నా, విడిగా కొంటే ఒక్కొక్కటీ నాలుగైదు వేలు" అన్నాడు, నేనింకా ఏమీ అనకముందే. వెల పెరిగినందుకు నాకు ఆశ్చర్యం కలగలేదు. ఇన్నాళ్లూ అంత చవకగా ఎలా ఇవ్వగలిగారన్నదే నా సందేహం.

ఇటువంటి బేరమొకటి నేను బాల్యంలో చూశాను. అప్పుడు మేము కోరుట్లలో ఉండేవాళ్లం. దుబాయి నుంచి తిరిగివచ్చిన ఒకాయన చిన్న గదిలో రెండు టీవీలు, క్యాసెట్లు దూర్చి ఆడే వీడియో గేములు పెట్టాడు. గంటకు ఐదు రూపాయలు. ఒక వేసవిలో ఆయనకేం తోచిందో, నెలకు యాభై రూపాయల కార్డు ప్రవేశపెట్టాడు. ఎంతసేపైనా ఆడుకోవచ్చు! పన్నెండుమందిమి కట్టాము. పన్నెండుమందిమీ రోజూ వెళ్లాము. చిల్లర పట్టుకుని వచ్చే పిల్లలు కుర్చీ దొరక్క వెనుదిరిగిపోయేవారు. రోజుకు నలభై రూపాయలు రాబట్టే గది కాస్తా ఇరవై రూపాయలకు దిగజారింది. మూడో నెలలో ఆ గదిలో ఎస్టీడీ బూతు వెలసింది. కట్టినవాళ్లలో సగంమంది రాకుండా ఉంటేనే నెలచందా నిలుస్తుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు పాపం.

అంతర్జాలంలో కుర్చీల కొరత ఉండదు కదా అంటారు. నిజమే. అక్కడి ఖర్చు వేరే చోట ఉంది. 2017 జూన్‌లో మైక్రోసాఫ్ట్ ఈ పథకం ఆరంభించింది. బయటివారి ఆటను చేర్చుకునేటప్పుడు చాలాసార్లు వారికి ముందుగానే కొంత మొత్తం ముట్టజెబుతుంది. ఆట ఆడుతుందో లేదోనన్న బెంగ లేకుండా చేతికి సొమ్ము అందుతుంది గనుక చిన్న సంస్థలకది వరమే. సొంత ఆటలనైతే చాలావరకు విడుదల రోజునే చందాదారులకు ఇచ్చేస్తారు. ఇచ్చినదాన్ని మళ్లీ కొనేదెవరు? 2023 అక్టోబరులో 6,870 కోట్ల డాలర్లకు యాక్టివిజన్ బ్లిజార్డ్‌ను కొని, మరుసటి ఏడాది కొత్త కాల్ ఆఫ్ డ్యూటీని సైతం మొదటి రోజే చందాలో కలిపేశారు. 2024 ఫిబ్రవరిలో చందాదారులు 3.4 కోట్లని ప్రకటించారు. చిన్న సంఖ్యేమీ కాదు. అయినా అది చాలలేదని వెలల పట్టికే చెబుతోంది. సోనీ తన పెద్ద ఆటలను మొదటి రోజే చందాలో పెట్టకపోవడం ఊరికే కాదు.

ఈ లెక్కలకన్నా నన్ను ఆపినది జపానులోని ట్యాంగో గేమ్‌వర్క్స్ కథ. మైక్రోసాఫ్ట్ చేతిలో ఉన్న ఆ సంస్థ 2023 జనవరిలో హై-ఫై రష్ అనే ఆటను చందాలోనూ విడిగానూ విడుదల చేసింది. ముప్పై లక్షలమంది ఆడారు, విమర్శకులు మెచ్చారు. 2024 మేలో ఆ సంస్థను మూసివేస్తున్నట్లు ప్రకటన వచ్చింది! (తరవాత కొరియా సంస్థ క్రాఫ్టన్ చేరదీసింది.) ఆడినవారు ముప్పై లక్షలు సరే, కొన్నవారెందరు? చందాల లోకంలో ఈ రెండు అంకెలకూ పొంతన ఉండదు.

అది చదువుతుంటే సిరిసిల్లలోని మా మేనమామ గుర్తుకొచ్చాడు. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. మామకు నాలుగు సాంచాలు. లంగాల బట్ట నేసి సేట్లకు అమ్మేవాడు. ఆ 2017లోనే బతుకమ్మ చీరల పథకం మొదలైంది. ఏడాదికి సుమారు కోటి చీరలు, కొనేది ఒక్క ప్రభుత్వమే. ఊరంతటా సాంచాల చప్పుడు రాత్రింబవళ్లు ఆగలేదు. ఆ ఏళ్లలో మామ ఇంటికి స్లాబు పడింది, కూతురి పెళ్లి జరిగింది. వాటిని నేను చిన్నచూపు చూడలేను. 2024లో ఆ ఆర్డరు లేదు. ఆ వేసవిలో వెళితే సాంచాల మీద దుమ్ము పేరుకుని ఉంది.

"మళ్లీ పాత సేట్లకు నేయరాదా మామా?" అన్నాను.

"చీరల బేరం వచ్చినంక వాళ్ల మొగం చూడకపోతిమి అల్లుడా. ఇప్పుడు పోతే వాళ్లు మన మొగం చూస్తరా?" అన్నాడు.

ఆ నెలలోనే ఒక సాంచాను తూకానికి అమ్మేశాడు.

బెల్జియంలోని లారియన్ సంస్థ అధిపతి స్వెన్ వింకే 2024 జనవరిలో ఇంచుమించు ఇదే భయం వెలిబుచ్చాడు. చందాలే రాజ్యమేలితే ఏ ఆట తయారు కావాలో నిర్ణయించేది ఆ కొద్దిమంది కొనుగోలుదారులేనని. ఆయన ఆటలను ఇటువంటి సేవల్లో పెట్టడు. పెట్టకుండా నిలబడగల స్తోమత ఆయనకు ఉంది. మామకు ఎక్కడిది?

2025లో స్వయం సహాయక సంఘాల మహిళల చీరల ఆర్డరు సిరిసిల్లకు వచ్చింది. నవంబరులో ఫోను చేస్తే వెనకాల చప్పుడు వినిపించింది. మూడింటిలో రెండు సాంచాలే ఆ చీరలకు పెట్టాడట. మూడోదాని మీద గిట్టుబాటు కాకపోయినా లంగాల బట్టే నేస్తున్నాడట. మా వాడికి మాత్రం ఆ నెల చందా నేనే కట్టాను. పరీక్షలయ్యాక ఒక్క ఆట కొనుక్కుంటాను, ఏది కొనాలో ఆలోచిస్తున్నానన్నాడు. ఇంకా తేల్చుకోలేదు.