తోకకప్పకూ పసిబిడ్డకూ ఒకటే స్రావకం

తొలకరి వానలకు నిండిన గుంటలలో తోకకప్పలను మీరు చూచే ఉంటారు. కొన్ని వారాలలో వాటికి కాళ్ళు మొలుస్తాయి, తోక కరిగిపోతుంది. మొప్పలు పోయి ఊపిరితిత్తులు పనిలోకి వస్తాయి. నాచు అరిగించుకొనే పొడవైన ప్రేగు, పురుగులను తినే జీవికి తగినట్లు పొట్టిదవుతుంది. ఈ మార్పులన్నిటినీ నడిపించేది గళగ్రంథి, అంటే థైరాయిడ్, స్రవించే హార్మోను.

1912లో గుడెర్నాచ్ అనే శాస్త్రజ్ఞుడు తోకకప్పలకు గుఱ్ఱపు గళగ్రంథిని మేతగా వేశాడు. అవి పూర్తిగా ఎదగకుండానే రూపం మార్చుకొని మరీ చిన్న కప్పలయ్యాయి. కొన్నేళ్ళ తరువాత మరొకరు ఆ గ్రంథిని తొలగించి చూడగా, తోకకప్పలు తోకకప్పలుగానే పెరుగుతూ పోయాయి.

ఒకే హార్మోను కాలిని మొలిపించి తోకను చంపడం ఎలా సాధ్యం? థైరాక్సిన్‌లో నాలుగు అయొడిన్ పరమాణువులుంటాయి. కణంలో ఒకటి తొలగగానే దాని శక్తి పెరుగుతుంది. అది కేంద్రకంలో, జన్యువులను అంటిపెట్టుకొని ఉన్న గ్రాహకాన్ని చేరి, అంతవరకు అణగి ఉన్న జన్యువులను మేల్కొలుపుతుంది. ఏ జన్యువులు మేల్కొంటాయన్నది ఆ కణజాలాన్ని బట్టి ఉంటుంది.

మనలోనూ ఉన్నది ఆ థైరాక్సినే. పెద్దవారిలో అది శరీరపు వేడిని, గుండె వేగాన్ని, ఆహారం ఖర్చయ్యే తీరును నిర్ణయిస్తుంది. పసివారిలో అంతకంటె పెద్ద పని ఒకటుంది: మెదడును నిర్మించడం.

వృత్తిలో చేరిన తొలి రోజులలో, నెల దాటినా పచ్చకామెర్లు తగ్గని ఒక పాపను నా వద్దకు తెచ్చారు. "ఎండ చూపించండి, తగ్గిపోతుంది" అని పంపివేశాను. రెండేళ్ళ తరువాత ఆ తల్లి మళ్ళీ వచ్చింది. "పుట్టినప్పటి నుంచీ ఏడ్చేదే కాదు డాక్టరుగారూ, ఎంత బుద్ధిమంతురాలో అని మురిసిపోయాము" అన్నది. పాప నాలుక బయటకు వచ్చి ఉంది, బొడ్డు ఉబ్బి ఉంది, చర్మం పొడిబారింది, ఇంకా నడక రాలేదు. మందు మొదలుపెట్టాక ఎత్తు పెరిగింది. మాటలు మాత్రం పూర్తిగా రాలేదు. ఆనాడు ఒక్క రక్తపరీక్ష వ్రాసి ఉంటే!

మన దేశంలో సుమారు వెయ్యి మంది శిశువులలో ఒకరికి ఈ లోపం ఉంటుంది. ఎక్కువమందిలో గ్రంథి సరిగా ఏర్పడదు. కొందరిలో గ్రంథి ఉన్నా, హార్మోను తయారీకి కావలసిన జన్యువు దెబ్బతిని ఉంటుంది. మేనరికాలలో ఈ రకానికి అవకాశం హెచ్చు. పుట్టిన 48 నుండి 72 గంటల మధ్య మడమ నుండి కొన్ని రక్తపు చుక్కలు తీసి టి.ఎస్.హెచ్. చూస్తే తెలిసిపోతుంది. రెండు వారాలలోపు థైరాక్సిన్ మొదలుపెడితే చాలామంది పిల్లలు అందరిలాగే చదువుకుంటారు. మాత్రను పొడిచేసి చెంచాడు తల్లిపాలలో కలిపి పట్టాలి. ఐరన్, కాల్షియం మందులతో కలిపి ఇవ్వకూడదు.

ఆ తల్లి తన రెండవ బిడ్డను మూడవ రోజుననే తీసుకొని వచ్చింది. నేను అడగకముందే పొత్తిగుడ్డ తొలగించి, బిడ్డ మడమను నా ముందుంచింది.