తెలుపును వసంతమును

చైత్రము వచ్చినదని తెలిసికొనుటకు మా తిరుపతిలో పంచాంగముతో పని లేదు. వాకిట నిలిచి కొండవైపు చూచిన చాలును. ఆకు రాల్చిన కొండగోగు చెట్లు పచ్చని పూలతో బండల నడుమ వెలుగుచుండును. వేపచెట్ల క్రింది నేల తెల్లని పూతతో నిండియుండును. మామిడి చిగుళ్లు ఎఱ్ఱగా మెఱయుచుండును. ఆ దినములలోనే మా యింట మఱియొక పని మొదలగును. అటకమీది ట్రంకు పెట్టెను దింపి, ముతక చీరలను పట్టు చీరలను ఎండిన వేపాకు నడుమ మడిచిపెట్టి, ఎండకాలమునకు వలయు నూలు చీరలను పైకి తీయుదుము. మా అత్తగారు దీనిని "పెట్టె తిరుగవేయుట" యనెడివారు. ఈ యేడు ఆ పెట్టె తిరుగవేయునప్పుడు నా తప్పొకటి నాకు తెలియవచ్చినది. సోదరీమణులతో దానిని చెప్పుకొనవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మొదట పెట్టె సంగతి చెప్పెదను. మావారు బడిపంతులు. పంతులుగారి జీతముతో ఋతువున కొక బీరువా నింపుట కాని పని. కావున మా యింట అత్తగారి కాలమునుండియు ఒక పద్ధతి నడచుచున్నది. ఎండకాలపు చీరలలో సగము కంటికి చల్లని వన్నెలు: తెలుపు, చలువ చేయని కోరా నూలు వన్నె, గంధపు వన్నె, ఉల్లిపొర వన్నె. తక్కిన సగము నిండు రంగులు: కనకాంబరము, నెమలికంఠము, చిలుకపచ్చ, వంగపండు. ఈ రెండు తెగలను కలిపి కట్టుటయందే నేర్పంతయు నున్నది. కోరా చీరకు కనకాంబరపు రవిక, గంధపు చీరకు నెమలికంఠపు రవిక, చిలుకపచ్చ చీరకు తెల్ల రవిక తొడిగి చూడుడు. తెలివిగా ఎంచుకొన్నచో 6 చీరలును 4 రవికలును గల యిల్లాలు 24 దినములు ఒక్కొక్క దినము ఒక్కొక్క కూర్పున కనబడవచ్చును.

ఇందులో అందముతోపాటు సుఖమును కలదు. లేత వన్నెలు ఎండను చాలవఱకు తిప్పి పంపును. ముదురు రంగులు, అందును నలుపు, వేడిని పీల్చుకొనును. చైత్రము గడచునప్పటికి మా యూరి యెండ 40 డిగ్రీలను సమీపించును. అందుచేత పగటి పనులకు లేత చీర, సాయంకాలపు పేరంటమునకు రంగు చీర యని మా అత్తగారు నియమము పెట్టిరి. 2022లో తిరుపతి జిల్లా యేర్పడినప్పటినుండి మా జిల్లాలోనిదైన వెంకటగిరి నేతగాండ్రు ఈ మర్మమును ఏనాడో కనిపెట్టిరి. సన్నని నూలు, తెల్లని నేల, అంచున జరీ. నేల యెంత నెమ్మదిగా నున్న అంచు అంత వెలుగును.

ఇక నా తప్పు. మావారి అక్కగారు, అనగా మా వదినగారు, మూడేండ్ల క్రిందట భర్తను పోగొట్టుకొని మా యింటికి వచ్చిరి. ఆమెకిప్పుడు నలుబదియాఱేండ్లు. ఒకప్పుడు ఆమెకు రంగులన్న ప్రాణము. నా పెండ్లిలో వంగపండు చీర కట్టి, వసంతములాడునప్పుడు అందఱికంటె ముందు చెంబు పట్టినది ఆమెయే. మా యింట ఉగాదికి అందఱి బట్టలు నేనే కొనుట వాడుక. ఈ యుగాదికి మా అమ్మాయికి చిలుకపచ్చ పరికిణీ, నాకు కనకాంబరపు చీర కొంటిని. వదినగారికి అంచైనను లేని బూడిదవన్నె నూలు చీర కొంటిని. కొనునప్పుడు ఒక్క క్షణమైనను ఆలోచించినదానను కాను. నా చేయి దానంతటది ఆ దొంతరవైపు పోయినది. గడచిన రెండుగాదులును అట్లే పోయినది. ఆమెను ఆదరించుచున్నానను తృప్తి కూడ నాకు కలదు.

ఉగాదినాటి ఉదయమున క్రొత్తబట్టల కొనలకు పసుపు పెట్టుచుంటిని. వదినగారి చీర చేతికి వచ్చినప్పుడు, దీనికి పసుపు పెట్టవలెనా వలదా యని నా వ్రేలు నిలిచిపోయినది. పెట్టితిని గాని, నిలిచిన వ్రేలిని ఆమె చూచిరి. చీర నందుకొని, మడత విప్పకయే ఒడిలో నుంచుకొని, కొంతసేపటికి మెల్లగా ఇట్లనిరి:

"కొండమీద స్వామి గురువారంనాడు నగలన్నీ తీసేసి పంచె కట్టుకొంటాడు. శుక్రవారం అభిషేకమైనాక మళ్లీ పీతాంబరం, మళ్లీ నగలు. ఆయనకు ఒక్క దినం. నాకు ఎన్ని దినాలమ్మా?"

ఆ మాటలో కోపము లేదు. కోపమున్నచో నాకు కొంత సులువుగా నుండెడిది. బదులు చెప్పలేక పచ్చడి గిన్నె పట్టుకొని వంటయింటిలోనికి పోతిని.

ఆ రాత్రి నిద్ర రాలేదు. నేను బడికి పోయి చదివినదానను కాను. మా తాతగారు ఇంటనే నాకు కావ్యములు చెప్పిరి. ఆ చదివినదంతయు ఆ రాత్రి జ్ఞప్తికి వచ్చినది. కుమారసంభవము మూడవ సర్గమున వసంతము కాలము కాని కాలమున వచ్చినప్పుడు పార్వతి కెంపులకు మాఱుగా అశోకపుష్పములను, బంగారమునకు మాఱుగా కర్ణికారములను, ముత్యములకు మాఱుగా వావిలిపూలను ధరించి, బాలసూర్యుని వన్నెగల వస్త్రము కట్టి వచ్చును. అయిదవ సర్గమున ఆమెయే నారచీర కట్టి తపమునకు పోవును. తల్లి వలదని వారించినను వినక, తానుగా కోరి కట్టినది. శాకుంతలము ఏడవ యంకమున శకుంతల ధూసర వస్త్రములతో, ఒంటిజడతో కనబడును. అది విరహవ్రతము, ఆ వ్రతమునకును ఒక గడువు కలదు. కావ్యములయందు వన్నెలేని వస్త్రము ఒక దీక్ష, ఒక దశ. కట్టుకొనువారి మనస్సు దానిని ఎంచుకొనును. ఒకరి దీక్షను మఱియొకరు అంగడిలో బేరమాడి కొని తెచ్చుట మాత్రము నేను చదివిన యే కావ్యమునను లేదు.

పునర్వివాహములకు అనుమతి నొసగు శాసనము 1856లోనే వచ్చినది. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు తమ మొదటి వితంతు వివాహమును జరిపించిరి. ఆ పెండ్లిపందిరి వేయుటకు ఎంత పోరాటము కావలసివచ్చినదో మనమెఱుగుదుము. చీరల పెట్టెకు ఏ శాసనమును అడ్డు రాదు, ఏ శాసనమును అక్కఱ లేదు. అచ్చట తీర్పు చెప్పునది ఇల్లాలి చేయి. ఊరిలోని వారు ఏమనుకొందురో యని మనము భయపడుదుము. మా యింట ఊరివారెవ్వరును నోరెత్తలేదు. మూడేండ్లు వదినగారికి బూడిదవన్నె నిర్ణయించినదానను నేను.

మఱునాటి ఆదివారము మావారికి శ్రీకాళహస్తిలో పని కలిగినది. మా యూరికి సుమారు 40 కిలోమీటర్లే గనుక నేనును వదినగారును వెంట పోయితిమి. స్వామి దర్శనమైన పిదప ఒక కలంకారీ పనివారి యింటికి పోయితిమి. మచిలీపట్నపు పనియందు అచ్చులతో అద్దుదురు; కాళహస్తిలో వెదురు కలముతో చేతివ్రాతగా వ్రాయుదురు. ఆ పని చూచుటకు వదినగారు అరుగుమీదనే కూర్చుండిపోయిరి.

ముందుగా కోరా గుడ్డను ఉతికి, కరక్కాయ పొడి కలిపిన పాలలో నానబెట్టి ఆఱవేయుదురు. పాలలోని జిడ్డు వలన కలపు గీత ప్రక్కలకు ప్రాకదు. బెల్లమును ఇనుపముక్కలను నీటిలో కొన్ని దినములు పులియబెట్టి నల్లసిరా చేయుదురు. ఆ సిరా కరక్కాయ పట్టిన గుడ్డను తాకినంతనే నల్లబడును. ఎఱుపు కావలసినచోట కలముతో పటిక నీరు పూయుదురు. పటికకు రంగు లేదు. పూసినచోట ఏమియు కనబడదు. పిమ్మట గుడ్డను వేళ్లతోను పట్టలతోను చేసిన రంగునీటిలో ఉడికింతురు. పటిక పూసినచోటనే ఎఱుపు గట్టిగా నిలుచును. తక్కినచోట పట్టిన లేతరంగు ఉతుకులో, ఎండలో పోవును. పసుపు వన్నెయు నీలియు పిమ్మట వచ్చును. ఆ రెండును కలిసినచోట ఆకుపచ్చ యగును. ఆరంభమునుండి తుదివఱకు ఆ కోరా నేల అట్లే ఉండి అన్ని రంగులను మోయును.

పటిక పూయుచున్న పెద్దాయనతో వదినగారు, "ఏమీ కనపడదే, ఎక్కడ పూసినారో ఎట్లా తెలుస్తుంది?" అనిరి.

"ఇప్పుడు కనపడదమ్మా. ఉడికినాక చూడండి," అని ఆయన తలయెత్తకయే పలికెను.

పసుపునీటిలో సున్నము కలిపిన ఎఱ్ఱని వసంత మగునని మనమందఱ మెఱుగుదుము. పసుపును ఎఱుపు కాదు, సున్నమును ఎఱుపు కాదు. రెండును కలిసినప్పుడే వసంతము. ఇన్నేండ్లుగా పెండ్లిండ్లలో వసంతము కలిపిన చేతులు నావి. రంగులేనిది రంగునకు శత్రువు కాదని, అది లేనిదే రంగు నిలువదని నాకు ఆనాడు కాళహస్తిలో తోచినది. తెల్లచీరలో దోషము లేదు, బూడిదవన్నెలో దోషము లేదు. ప్రక్కన మఱియొక రంగు చేరకుండ దానిని ఒంటరిగా నిలిపి, "ఇదియే నీది" యనుటలో దోషము కలదు.

ఆ యింట మడిచియున్న చీరలలో ఒకదానిని వదినగారు తామే ఎంచుకొనిరి. కోరా నేల, ఎఱ్ఱని అంచు, కొంగున చిన్న మామిడిపిందెల తీగ. నేను సంచి తీయబోగా చేయి పట్టుకొని ఆపిరి. "నా డబ్బుతో నేనే కొనుక్కొంటా" ననిరి. మూడేండ్లలో ఆమె తమకొఱకు కొనుక్కొన్న మొదటి వస్త్ర మది.

ఏటేట చైత్ర పూర్ణిమతో ముగియునట్లు మూడు దినములు తిరుమలలో వసంతోత్సవము జరుగును. శ్రీదేవీ భూదేవీ సమేతుడైన మలయప్పస్వామి వసంతమండపమునకు వేంచేయును. అచ్చట పాలు, పెరుగు, తేనె, కొబ్బరినీరు, పసుపు, చందనములతో స్నపనము చేయుదురు. రెండవ దినమున స్వర్ణరథముమీద ఊరేగింతురు. మూడవ దినమున సీతారామలక్ష్మణులును ఆంజనేయుడును, రుక్మిణీ కృష్ణులును కూడ వేంచేయుదురు. మేము రెండవ దినమున పోయి మాడవీధిలో నిలిచితిమి. క్రింద ఊరిలో ఎండ నిప్పులు చెఱుగుచున్నను కొండమీద గాలి చల్లగా నుండెను. వదినగారు ఆ క్రొత్త చీర కట్టుకొనిరి.

గుంపులో మా దూరపు బంధువొకామె కనబడి, వదినగారిని తలనుండి పాదముల వఱకు చూచి, "ఏమమ్మా, ఎఱ్ఱంచు కట్టినావే!" అనెను. నా గుండె ఝల్లుమన్నది. వదినగారు మాత్రము తొట్రుపడక, "అవును పిన్నీ. కాళహస్తి పని. ఉతికినా పోదంట," అని నవ్విరి. ఆమెయు అంచును వ్రేళ్లతో తడవి చూచి, "ఎంతకు ఇచ్చినారు?" అని అడిగెను. అంతటితో ఆ విచారణ ముగిసినది. మూడేండ్లు నేను భయపడిన లోకము ధర అడిగి ఊరకున్నది!

ఇంటికి వచ్చిన పిదప వదినగారు ఉగాదినాటి బూడిదవన్నె చీరను పెట్టెనుండి తీసిరి. దానిని తిరిగి ఇచ్చివేయుదురేమోనని నేను తలవంచుకొంటిని. "దీనికేం, నూలు మంచిది. నీ కనకాంబరం రవిక ఇయ్యి, దీనిమీద బాగుంటుంది," అనిరి. నిజముగానే బాగుండెను.

ఇట్టి చీరలు కొనువారికి రెండు మాటలు. చెట్ల రంగులతో వ్రాసిన చీరను మొదటిసారి విడిగా చన్నీటిలో తడుపుడు. సోడాసబ్బులు వలదు, కుంకుడుకాయ రసము చాలును. నీడపట్టున తిరుగవేసి ఆఱవేయుడు, మండుటెండ రంగును తినివేయును. తెల్లచీరలకు పలుచని గంజి చాలును. చిక్కని గంజి పెట్టిన చీరలోనుండి గాలి ఆడదు. చీరలను ఎండకాలమున దాచునప్పుడు చెమ్మ లేకుండ చూచి, మడతలు నెలకొకసారి మార్చుడు.

మూడవ మాట యొకటి కలదు. ఇంటిలో తెలుపు కోరి కట్టువారుందురు. మా మేనత్త అట్టివారే. ఆమెకు తెల్లచీరలోనే హాయి, ఆమెను రంగులకు బలవంతపెట్టుటయు తప్పే యగును. కావున వచ్చే వసంతమున పెట్టె తిరుగవేయునప్పుడు, చీర కొనుటకు పోకముందే, ఇంటనున్న అత్తను గాని వదినను గాని అక్కను గాని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, "మీకే వన్నె యిష్టము?" అని ఒక్క మాట అడుగుడు. ఆ మాట అడుగుటకు నాకు మూడేండ్లు పట్టినది. మీకు అన్ని దినములు పట్టకుండుగాక!