పట చిత్రంలో ముందు చూడాల్సింది స్కేలు

పట చిత్రం అంటే సంఖ్యలకు బదులు బొమ్మల వరుసలతో సమాచారం చూపే పద్ధతి. మొదట్లో ఒక బొమ్మకు ఒక వస్తువే లెక్క, అక్కడ పిల్లలు పెద్దగా తడబడరు. చిక్కంతా ఒకే బొమ్మ అయిదుకో పదికో గుర్తుగా మారినప్పుడు వస్తుంది.

ఒక పండ్ల కొట్టు అమ్మకాలు తీసుకుంటే, చిత్రం కింద ‘ఒక బొమ్మ = 10 మామిడికాయలు’ అని స్కేలు ఉంటుంది. సోమవారం వరుసలో నాలుగు నిండు బొమ్మలు, చివర ఒక సగం బొమ్మ. స్కేలు చదవని పిల్లలు ‘నాలుగున్నర’ అనేస్తారు. జవాబు 45: నాలుగు పదులు 40, సగానికి 5. మంగళవారం మూడు బొమ్మలే ఉంటే తేడా ఒకటిన్నర బొమ్మ, అంటే 15 కాయలు. రెండు మొత్తాలూ కట్టి తీసివేయకుండా, ముందు బొమ్మల తేడా చూసి దాన్ని పదితో గుణిస్తే చాలు. బడిలో ఇంకా ఎక్కువగా చూపించాల్సిన దారి ఇది. అమ్మకం 43 అయితే మాత్రం ఈ స్కేలు నప్పదు. మూడు కాయలకు బొమ్మను ఎంత మేర గీయాలో కంటికి ఆనదు.

బొమ్మలన్నీ ఒకే సైజులో, సమాన దూరంలో ఉండాలి. 1920లలో వియన్నాలో ఒట్టో నాయ్‌రాత్ బృందం, తర్వాత ఐసోటైప్‌గా పేరొందిన పద్ధతికి దీన్నే పునాది చేసుకుంది: ఎక్కువ పరిమాణానికి పెద్ద బొమ్మ కాదు, ఎక్కువ బొమ్మలు. బొమ్మ ఎత్తూ వెడల్పూ రెట్టింపు చేస్తే వైశాల్యం నాలుగింతలవుతుంది. రెండింతల అమ్మకం కంటికి నాలుగింతలుగా కనిపిస్తుంది.